మైనం డబ్బాలో నాలుగో దినుసు

దేవవ్వ రెండు డబ్బాలు తెచ్చి అజీజా ముందు గచ్చు మీద పెట్టింది. రెండూ ఒకే రకం రేకు డబ్బాలు, రెండింటి మీదా ఒకే చీటీ. ఒకదాని అడుగు గీకి గీకి మెరుస్తోంది. రెండోదాంట్లో నాలుగు వేళ్ళ గుర్తులు పడ్డాయి, మిగతాదంతా పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"గిది ఒడిసిపోయింది. గిది పనిజేస్తలేదు," అంది దేవవ్వ. "ఒడిసిన డబ్బల ఏమేసినవో గదే ఏసియ్యమంటుండు మా ఆయన."

అజీజా నవ్వింది. "రెండిట్ల ఒక్కటే ఏసిన అక్కా. చీటీ సదువు. ఇప్పనూనె, మైనం, తేనె. మూడే మూడు."

"చీటీ నాకు నోటికొచ్చింది చెల్లె. చీటీలు ఒక్కతీరుగనే ఉన్నయి, మనిషి కాళ్ళే ఒక్కతీరుగ లేవు."

అజీజా నవ్వు ఆగింది. హుజూరాబాద్‌లో తేనె సబ్బులు చేసేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళ సబ్బు మీద తేనెటీగ బొమ్మ ఉంటుంది, లోపల పచ్చరంగు ఉంటుంది. అజీజా సబ్బు మీద బొమ్మ లేదు. చీటీ మీద రాసిందే లోపల ఉంటుంది, లోపల ఉన్నదే చీటీ మీద ఉంటుంది. మహిళా సంఘంలో నాలుగు రోజులు నేర్పిన విద్యను ఐదేళ్ళ నుంచి ఇంటి వెనక రేకుల కింద ఆమె ఈ ఒక్క మాట మీదే నడుపుకొస్తోంది. ఆమె మగడు గులాం నబీ బజారులో కాంటాలు బాగుచేస్తాడు. ఆ ఇంట్లో ఉప్పు కూడా గ్రాముల్లోనే పడుతుందని గల్లీలో అందరూ ఎగతాళి చేస్తారు.

"సాంబన్నకు మల్ల పలిగినయా?" అంది అజీజా.

"పలుగుడా? నెత్తురొస్తుంది."

దేవవ్వ మగడు సాంబయ్య సదానందం షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. సాంచాలంటారు వాటిని. ఎనిమిది సాంచాల మధ్య సిమెంటు నేల మీద పన్నెండు గంటలు నిలబడి తిరగాలి. ఎక్కడ పోగు తెగితే అక్కడికి ఒక్క అడుగులో చేరాలి. నలభై ఏళ్ళు అట్లా తిరిగితే మడమలు ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలు విచ్చాయి. అజీజా ఇచ్చిన మొదటి డబ్బా రాశాక ఇరవై రోజుల్లో ఆ నెర్రెలు మూసుకున్నాయి. డబ్బా అయిపోయింది, రెండోది కొన్నారు. అది రాస్తూ ఉండగానే నెర్రెలు మళ్ళీ నోరు తెరిచాయి. దాంతో సాంబయ్య రెండు సాంచాల మధ్య బోర్లించిన డబ్బా మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పోగు తెగింది చూసి, లేచి, కుంటుకుంటూ పోయేసరికి జానెడు బట్ట తప్పు పడేది.

"సదానందం మూడు దినాల కింద ఇంటికొచ్చిండు," అంది దేవవ్వ. "'పెద్దోనివని ఊకుంటున్న సాంబన్నా, పదిహేను దినాలు ఇంటికాడుండు. నిలవడవస్తె రా, రాకుంటె నీ సాంచాలు ఇంకోనికి అప్పజెప్త' అన్నడు. మనిషి చెడ్డోడు గాదు. బట్ట చెడిపోతుంటె ఆయన మాత్రం ఏంజేస్తడు?"

"దవాఖానల సూపెట్టినవా?"

"సూపెట్టిన. నిలవడకు అన్నడు డాక్టరు. నిలవడకుంటె డాక్టరుతోని పనేముంది మాకు?" దేవవ్వ గొంతు తగ్గించింది. "చెల్లె, నిజం చెప్పు. మొదటి డబ్బను దర్గ కాడ మంత్రమేసి ఊదిచ్చినవా? మా ఆయన గదే అంటుండు."

"ఊదిస్తె గది గూడ చీటీ మీద రాద్దును అక్కా."

అజీజా లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. ఏ రోజు ఏ గిన్నెలో ఏది ఎంత వేసిందో అందులో ఉంటుంది. రెండు డబ్బాల పేజీలూ తీసింది. మైనం రెండు వందల గ్రాములు, ఇప్పనూనె ఆరు వందలు, తేనె నలభై. రెండు పేజీల్లోనూ అవే అంకెలు. అన్నానికి వచ్చిన గులాం నబీ భార్య భుజం మీద నుంచి తొంగి చూశాడు.

"నా కాంటా తప్పు చెప్పదు," అన్నాడు.

"కాంటా బరువు చెప్తది నబీ తమ్మీ," అంది దేవవ్వ. "పల్లెంల ఉన్నదేందో చెప్తదా?"

గులాం నబీ అన్నం కలుపుకోవడంలో పడ్డాడు. అజీజా మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నిజమే. బరువులు సరిగ్గా ఉంటే తేడా వస్తువులో ఉండాలి.

ఇప్పనూనె కాదు. రెండుసార్లకూ ఒకే క్యానులోది. తేనె అయి ఉండవచ్చా? రెండు సీసాలూ తెచ్చి ఇద్దరూ తలా ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారు. ఒకటి మోదుగపూల కాలానిది, కాస్త వగరు. ఇంకొకటి వానాకాలంది, పలచన. కానీ ఆరు వందల నూనెలో నలభై గ్రాముల తేనె నెర్రె మూయడానికీ తెరవడానికీ ఎంతని సరిపోతుంది? అజీజా ఖాళీ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుంది. తేనె, ఇప్పనూనె, వాటి వెనక ఇంకేదో ఉంది. బాగా ఎరిగిన వాసనే. తెలిసిన మనిషి పేరు మరిచినట్టు, పేరు మాత్రం నోటికి రావటం లేదు. రెండో డబ్బా వాసన చూసింది. దాంట్లో ఆ వెనక మనిషి లేడు.

"గా ఉండల సబ్బులున్నయా ఇంక?" అంది దేవవ్వ అల్మారా వైపు చూస్తూ. "ఉంటె రెండియ్యి. నీ మంచి సబ్బుల కంటె గవ్వే నురుగెక్కువిస్తయి."

అజీజా చటుక్కున తల తిప్పింది.

ఉండల సబ్బులంటే చెడిపోయిన సబ్బులు. పోయిన వానాకాలంలో ఒకనాడు నూనెలూ మైనమూ కరిగించి, కాస్టిక్ సోడా కలిపిన కారం నీళ్ళు పోసి, తేనె కలిపి తిప్పుతుంటే, అచ్చుల్లో పోయకముందే గిన్నెలో ఉప్మాలా గడ్డకట్టింది. తేనె వేడెక్కి అట్లా చేసిందనుకుంది. అమ్మడానికి పనికిరాక చేత్తో ఉండలు చుట్టి, ఇంట్లో వాడుకుంటూ చుట్టుపక్కల వాళ్ళకు ఊరికే పంచింది.

ఆమె నోటుబుక్కు వెనక్కి తిప్పింది. ఉండల సబ్బు పేజీ తర్వాత రెండో పేజీ మొదటి డబ్బాది. సబ్బులో వేయగా మిగిలిన మైనం ముద్ద అంతా డబ్బాలకే పోయింది. ఆ తర్వాత కొత్త ముద్ద వచ్చింది.

"అక్కా, సబ్బు చెడగొట్టింది, కాళ్ళు బాగుచేసింది ఒక్కటే మైనం," అంది అజీజా నెమ్మదిగా.

ఆ ముద్ద ఇప్పుడు లేదు. మైనం తరిగే కత్తిపీటను ఇద్దరూ వెలుతురులోకి లాగారు. ఇనుము కర్రలోకి దిగిన సందులో చింతగింజంత ముక్క ఇరుక్కుని ఉంది. పిన్నీసుతో గెలికి తీశారు. దేవవ్వ అందులో సగం తుంచి, అజీజా అడ్డం చెప్పేలోపే నోట్లో వేసుకుంది.

"అయ్యో అల్లా! నమిలి చూసుడేందక్కా?"

"మరి ఎట్ల జూడాలె? కొత్త మైనం గూడ జరంత తే." దేవవ్వ రెండు దవడల మీద రెండూ పెట్టి నమిలింది. కొత్తది మెత్తగా అణిగింది. పాతది ముందు పెళుక్కున విరిగింది, తర్వాత పంటికి అతుక్కుంది. అతుక్కున్నది ఎంతకీ రాలేదు. "పన్ను ఊడొస్తదేమో గాని గిది రాదే!" అని వేలితో గీకుతూ నవ్వింది.

మిగిలిన సగాన్ని అజీజా నిప్పు మీద వేసింది. మైనం కరిగి పొగ లేచింది. డబ్బా వాసనలోని ఆ వెనక మనిషి ఇప్పుడు ముందుకొచ్చాడు.

"దర్గాల లోబాన్," అంది అజీజా.

"కాదే, గుళ్ళె గుగ్గిలం," అంది దేవవ్వ.

"లోబానక్కా. జుమ్మేరాత్ జుమ్మేరాత్ పీలుస్తున్న, నాకు తెల్వదా?"

"నేను సోమారం సోమారం పీలుస్తున్న."

పొగ రేకుల్లోంచి బయటికి పోయింది. తగువు కింద మిగిలింది.

"ఏదో చెట్టు బంక. రెండు తెచ్చి ఏసి చూడరాదు?" అన్నాడు గులాం నబీ చేయి కడుక్కుంటూ.

"నెత్తురు కారుతున్న పగుళ్ళల్ల అందాజ మీద పెట్టనా?" అంది అజీజా. "అదేందో తెల్వాలె. ఎంత ఏసిండ్రో తెల్వాలె. మైనంల అదెందుకున్నదో తెల్వాలె."

మైనం, తేనె తెచ్చిచ్చేది నాగయ్య. ఆసిఫాబాద్ అవతల అడవి పల్లెల మనిషి, తేనెపట్లు దింపుతాడు. అజీజా ఫోన్ చేసింది. "నాగన్నా, పోయిన వానల్ల ఇచ్చిన మైనంల ఏం కలిపినవు?" అని అడిగిందో లేదో, అవతల గొంతు లేచింది. మూడు తరాల నుంచి పట్లు దింపుతున్నామనీ, తమ ఇంట్లో ఎవరూ ఈగ సొమ్ములో పుల్ల కూడా కలపలేదనీ, అక్క అని పిలిచిన నోటితోనే ఇక మాట్లాడననీ చెప్పి పెట్టేశాడు. పావుగంట తర్వాత తనే చేశాడు. ఇప్పుడు గొంతు కిందికి దిగి ఉంది.

"అజీజక్కా, గా ఒక్క ముద్ద... యాదికొచ్చింది. ఫోన్ల చెప్తె నువ్వు నమ్మవు. వచ్చి చూసుకో."

"నేను గూడ వస్త," అంది దేవవ్వ. పదిహేను రోజుల్లో అప్పటికి మూడు అయిపోయాయి.

మర్నాడు పొద్దున్నే జమ్మికుంటలో రైలెక్కారు. గులాం నబీ ఒక చిన్న కాంటా గుడ్డలో చుట్టి ఇచ్చాడు. దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అజీజా. మంచిర్యాల దాటి పోవడం దేవవ్వకు అదే మొదలు. కిటికీ లోంచి ప్రతి గుట్టనూ చూసి, దాని మీద తేనెపట్లు ఉంటాయా అని అడిగింది. ఒక ఈగ ముక్కంత తేనె తేవడానికి ఎంత దూరం పోతుందని అడిగింది. మైనం ఈగ ఎక్కడి నుంచి తెస్తుందని అడిగింది.

"తేదక్కా. దాని కడుపుల నుంచే వస్తది. సన్నసన్న పొలుసుల లెక్క."

"చెమట తీరుగనా?"

"గట్లనే అనుకో."

దేవవ్వ కిటికీ వదిలి ఇటు తిరిగింది. "మరి ఈగ కడుపుల గుగ్గిలం ఎట్లొచ్చింది?"

"లోబాన్," అంది అజీజా. ఎదుటి సీటాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ బయట నాగయ్య ఆటో దగ్గర నిలబడి ఉన్నాడు. సన్నని మనిషి. ముంజేతుల మీద ఈగలు కుట్టిన పాత మచ్చలు ఆవాలు చల్లినట్టు ఉన్నాయి. అజీజా ముఖంలోకి నేరుగా చూడలేదు.

"కల్తీ గాదక్కా, కసం," అన్నాడు ఆటోలో. "మా ఇంటికి, ఇత్తడి బొమ్మలు పోసే శంకరవ్వ ఇంటికి ఎప్పటిసందో లావాదేవి. నేను మైనం ఇస్త, ఆళ్ళు మైనంతోని బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కారిపోయినకాడ ఇత్తడి పోస్తరు. ఏడాది ఒడిసినంక మిగిలిన ముద్ద మాత్రం మైనం తెచ్చినోనికే మల్ల ఇయ్యాలె. ఉంచుకుంటె మల్ల ఏడాది పట్టు దొరకదని ఆళ్ళ నమ్మకం. తీసుకోకుంటె తప్పని మా నమ్మకం."

"తీసుకొని ఏంజేస్తవు?"

"ఏంజెయ్యం. చూరుకు కట్టిపెడ్తం. గట్ల మూడేండ్ల ముద్దలు ఉంటుండె. పోయిన వానల్ల కొత్త మైనం లేదు. నువ్వేమొ దినాం ఫోన్. నేనిచ్చిన మైనమే గదా మల్ల నా ఇంటికొచ్చింది, ఇస్తె ఏమైతదనుకున్న."

"పోయినప్పుడు ఎట్ల పోయిందో వచ్చినప్పుడు గట్లనే వచ్చిందా?"

నాగయ్య చెవి గోక్కున్నాడు. "గదే నేను చూడలే."

శంకరవ్వ ఇల్లు టేకు చెట్ల వరుస దాటాక ఉంది. వాకిట్లో ఆమె పీట మీద కూర్చుని, మట్టితో చేసిన ఏనుగు చుట్టూ మైనం పోగు చుడుతోంది. పోగులు నీళ్ళ తాంబాళంలో సేమియాలా తేలుతున్నాయి. ఆ పక్కన చెక్కతో చేసిన జంతికల గొట్టం లాంటిది ఒకటి. దాంట్లో మైనం పెట్టి నొక్కితే పోగు దిగుతుంది. నాగయ్య సంగతంతా చెప్పాడు. ఆమె ఏనుగు తొండం దగ్గర పోగు తెంపకుండానే విన్నది.

"నా మైనంతోని సబ్బు చేసినవా బాయి?" అంది అజీజాతో. "ఏమైంది?"

"గడ్డకట్టింది."

"కట్టదా మరి? గడ్డకట్టెతందుకే గదా గుగ్గిలం ఏసేది!"

దేవవ్వ అజీజా డొక్కలో మోచేత్తో పొడిచింది. అజీజా పక్కకు జరిగింది.

"ఉట్టి మైనం ఎండల జారిపోతది," అని చెప్పింది శంకరవ్వ. "పోగు నిలవదు. గుగ్గిలం కరిగించి కలిపితె నిలుస్తది, అంటుకుంటది. జర నూనె, గంతే."

"గుగ్గిలం ఎంత? మైనం ఎంత?" అజీజా అప్పటికే గుడ్డ విప్పి కాంటా బయటికి తీసింది.

"గింత," అని శంకరవ్వ పిడికిలి చూపించింది.

"గ్రాములల్ల?"

ఆమె నవ్వి, ఒక పోగు నీళ్ళలోంచి తీసి అజీజా చూపుడు వేలికి చుట్టింది. "ఇగ చూడు. చుట్టుకున్నది, విరగలే. విరిగితె గుగ్గిలం ఎక్కువైనట్టు. చుట్టినంక మల్ల సాగి ఊడిపోతె మైనం ఎక్కువైనట్టు. ఎండకాలం మైనం ఒకతీరు, చలికాలం మైనం ఒకతీరు. నీ కాంటాకు ఏం ఎరుక ఏ కాలమో?"

రెండు రోజుల్లో కాంటాకు పడిన రెండో దెబ్బ ఇది. అయినా అజీజా వదల్లేదు. శంకరవ్వతో మూడుసార్లు పిడికిలి నింపించి మూడుసార్లూ తూచింది. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. మూడూ రాసుకుంది. రాసుకుంటూ ఉంటే దేవవ్వ కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయని గమనించింది.

దేవవ్వ శంకరవ్వ కాళ్ళు చూస్తోంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి. చెప్పుల్లేవు. కొలిమి బూడిదలో, రాళ్ళలో తిరిగే కాళ్ళు. మడమలు నల్లగా, గట్టిగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి. దేవవ్వ ముందుకు జరిగి, ముక్కూ ముఖమూ తెలియని ఆ మనిషి పాదం రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూసింది.

"ఏందవ్వా, కాళ్ళు మొక్కుతున్నవా?" అని శంకరవ్వ గుంజుకోబోయింది.

"ఉండు జర. పగుళ్ళేవి? నీకు పగుళ్ళు రావా?"

"పనైనంక చేతికి అంటిన మైనం ఏడ తుడుస్తం? చీరకు తుడిస్తె పోదు. మడిమెలకే తుడుస్తం. మా అత్త గట్లనే తుడిసింది, నేను గట్లనే తుడుస్త."

"గంతేనా?"

"గంతే. పగుళ్ళకని ఎవలు రాసిండ్రు? చేతులు సాఫ్ కావాలెనని రాస్తిమి."

దేవవ్వ పాదం వదిలిపెట్టి అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. అజీజా పెన్ను పట్టుకుని ఇంకో ప్రశ్న అడిగింది. "ఎవలకన్న మంట లేసిందా? దద్దులు?"

శంకరవ్వ మొదటిసారి ఆమెను కాస్త గౌరవంగా చూసింది. "చిన్న కోడలుకు దురద పెట్టింది. ఆమె బట్టకే తుడుస్తది. గది గూడ రాసుకుంటున్నవా?"

"గదే ముందు రాసుకోవాలె."

ఇక చివరి సంగతి మిగిలింది. గుగ్గిలం ఈ అడవిలో ఏ చెట్టుది? ఎంత లోపలికి పోవాలి? తనకు ఏడాదికి సరిపడా దొరుకుతుందా? అజీజా వరుసగా అడిగింది. శంకరవ్వ ఇంట్లోకి పోయి ప్లాస్టిక్ పొట్లం ఒకటి తెచ్చి అజీజా ఒళ్ళో పడేసింది. లోపల పటికబెల్లంలా పచ్చని పలుకులు. పొట్లం మీద దేవుడి బొమ్మ, హైదరాబాదు అడ్రసు.

"అడివి యేడిది బాయి? ఆసిఫాబాద్ కిరాణంల కొంటం."

దేవవ్వ పొట్లం లాక్కుని చూసింది. దేవుడి బొమ్మ మీద వేలు పెట్టింది. "చెల్లె... గిది మన గల్లి మొగన తిరుమల దుకాణంల ఉంటది. అగర్బత్తుల పక్కపొంటి. నేను ప్రతి సోమారం కొంట."

నాగయ్య ముందు నవ్వాడు. తర్వాత శంకరవ్వ నవ్వింది. చివరికి అజీజా కూడా కాంటా పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పోయేటప్పుడు అజీజా వేలికి చుట్టిన పోగును శంకరవ్వ విప్పనివ్వలేదు. "యాది కోసం ఉండనీ," అంది. హుజూరాబాద్ చేరేదాకా అది అజీజా వేలికి ఉంగరంలా ఉంది. విరగలేదు, ఊడలేదు.

తిరుమల దుకాణంలో గుగ్గిలం కొన్నారు. దంచి, జల్లెడ పట్టి, ఇప్పనూనెలో సన్నని మంట మీద కరిగించింది అజీజా. మైనం కలిపింది. చుక్క నీళ్ళలో వేసి, పోగులా సాగదీసి, వేలికి చుట్టింది. విరిగింది. మైనం పెంచింది. సాగింది. నాలుగోసారి నిలిచింది. అప్పుడు తూచి నోటుబుక్కులో రాసింది. అది బొమ్మల లెక్క. మడమకు అంత గట్టిదనం వద్దని నూనె పెంచి, పలచటి గుడ్డలో వడకట్టి, చల్లారుతుంటే తేనె పోసి కవ్వంతో చిలికింది. దేవవ్వ మోచేతి లోపల జరంత, సాంబయ్య మోచేతి లోపల జరంత రాసి ఒక రోజు ఆగమంది. దురద రాలేదు. అప్పుడు డబ్బా ఇచ్చింది. అప్పటికి తొమ్మిది రోజులు మిగిలాయి.

ఆ తొమ్మిది రోజులూ దేవవ్వ ప్రతి పొద్దునా వచ్చి కబురు చెప్పేది. కాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి, తుడిచి, డబ్బాలోది నెర్రెల్లో నింపి పాత గుడ్డ చుడుతున్నారు. మూడో రోజు నెత్తురు ఆగింది. ఐదో రోజు సాంబయ్య గుడ్డలు విప్పి పారేసి షెడ్డుకు పోతానని గొడవ చేశాడు. దేవవ్వ ఆయన చెప్పులు దాచిపెట్టింది. ఏడో రోజు మాత్రం దేవవ్వ రాలేదు. అజీజా మధ్యాహ్నందాకా గల్లీ మొదలు వైపు చూస్తూనే ఉంది. మర్నాడు అడిగితే, బియ్యం కోసం పోయానంది.

ఈలోపు అజీజా కొత్త చీటీలు రాయడానికి కూర్చుంది. ఇప్పనూనె, మైనం, గుగ్గిలం, తేనె. కింద ఇంకో వరుస: కొందరికి దురద రావచ్చు, ముందు చేతి మీద రాసి ఒక రోజు చూడండి.

గులాం నబీ చీటీ చదివి తల గీరుకున్నాడు. "దురదని రాస్తె ఎవలు కొంటరు? ఇంక గుగ్గిలమని రాస్తె గల్లీల అందరు ఇంట్లనే చేసుకుంటరు. నక్కో అజీజా, వద్దు. ఏదో మూలిక అని రాయి."

"చేసుకోనీ. తిరుమల దుకాణం పక్కనే ఉన్నది," అంది అజీజా. "ఇన్నొద్దులు మూడని రాసి నాలుగు అమ్మిన. తెల్వక అమ్మిన. ఇప్పుడు తెలిసి అమ్ముదునా?"

గులాం నబీ చీటీలు ముందుకు లాక్కున్నాడు. అంచులు కత్తెరతో సరిచేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అలవాటుగా చేతిలో బరువు చూశాడు.

పదహారో రోజు సాయంత్రం సాంబయ్యే వచ్చాడు. దేవవ్వ వెనక నడుస్తోంది. గడప బయట తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, తడికాళ్ళతో గచ్చు మీదికి వచ్చాడు. అజీజా అడుగుల వైపు చూసింది. రెండు మడమల అచ్చులూ నిండుగా పడ్డాయి. ఎడమదాని అంచున మాత్రం దారంలా ఒక గీత తెల్లగా మిగిలింది.

"గది ఇంక ఉన్నది," అన్నాడు సాంబయ్య ఆమె చూపు పట్టుకుని. "ఉంటె ఉన్నది, నొస్తలేదు. పొద్దుగాల ఆరింటికి సాంచాల మీదికి పోయిన. ఇప్పుడే దిగిన."

"సదానందం ఏమన్నడు?"

"ఆయన నా కాళ్ళు చూడలే బిడ్డా, బట్ట చూసిండు. పొద్దంత నేసిన తాను వెలుగుకు పట్టి ఈ కొసకెల్లి ఆ కొసదాకా చూసి, 'రేపు టైంకు రా' అన్నడు. గంతే."  సాంబయ్య ముందుకు వంగాడు. "ఇగ చెప్పు. ఏమేసినవు దాంట్ల? గీమె అడిగితె నవ్వుతది గాని చెప్తలేదు."

అజీజా కొత్త చీటీ చేతికిచ్చింది. సాంబయ్య కళ్ళకు దూరంగా పట్టుకుని వేలితో ఒక్కొక్కటే చదివాడు. మూడోదాని దగ్గర వేలు ఆగింది.

"గుగ్గిలం? మా దేవుని గూట్ల ఉండే గుగ్గిలమా?"

"గదే అన్నా."

"ఏ అడివిలదన్న ఏరు, కొమ్మ... ఏం లేదా?"

"లేదు."

"ఊదిచ్చుడు?"

"గదీ లేదు."

సాంబయ్య ముఖం చిన్నబోయింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పకుండ ఉంటెనే బాగుండు బిడ్డా. షెడ్డుల అందరికి అడివి మందని చెప్పిన. ఇప్పుడు నవ్వుతరు."

"నవ్వనీ," అంది దేవవ్వ. "నిలవడి నవ్విచ్చుకో."

అజీజా లేచి వెనక రేకుల కిందికి నడిచింది. అక్కడ పొయ్యి మీద గిన్నెలో నూనెలు కరుగుతున్నాయి. ఉండల సబ్బు నురుగు సంగతి ఆమె మనసులోంచి పోలేదు. గుగ్గిలం ఎంత తక్కువ వేస్తే, ఎంత త్వరగా తిప్పితే, గడ్డకట్టేలోపు అచ్చుల్లోకి దిగి, ఆ నురుగూ మిగులుతుంది? ఈసారి పది గ్రాములు తూచి పెట్టింది. అచ్చుల చెక్క పట్టుకోవడానికి ఇంకో జత చేతులు కావాలి.

"నేను పడ్త," అని సాంబయ్య వెనకే వచ్చాడు.

"పొద్దంత నిలవడి వచ్చినవన్నా. కూసో," అని అజీజా పీట వాల్చింది.

సాంబయ్య పీట వైపు చూశాడు. దాన్ని కాలి మడమతోనే పక్కకు జరిపి, అచ్చుల చెక్కను రెండు చేతులా పట్టుకుని గిన్నె పక్కన నిలబడ్డాడు. అజీజా కారం నీళ్ళు పోసి తిప్పడం మొదలుపెట్టింది. ముగ్గురూ గిన్నెలోకి తలలు వంచారు.

"గడ్డకడ్తుందా?" అంది దేవవ్వ.

"ఇంక లేదు."

"ఇప్పుడు?"